రోడ్డు మీద రాళ్లున్నాయని ఫోన్ చేస్తే ఎవరైనా వస్తారా?

ప్రశ్న: పోయిన నెలలో ఒక రాత్రి పదింటికి చీపురుపల్లి నుంచి బండి మీద రాజాం వస్తుంటే సగం రోడ్డు దాకా వరసగా రాళ్లు. పగలు మొక్కజొన్న ఆరబోసినవాళ్లు గింజలు ఎత్తుకుని, చుట్టూ పెట్టిన రాళ్లు అలాగే వదిలేసి పోయారు. బ్రేకు పడింది కాబట్టి బతికాం, వెనక కూర్చున్న మా ఆవిడకి మోకాలు చెక్కుకుపోయింది. వెంటనే ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేస్తే ఏ ఊరు, ఏ మండలం అని అడిగారు. ఆ చీకట్లో నాకేం తెలుస్తుందండీ? సరే పంపిస్తాం అన్నారు. నలభై నిమిషాలు చూసినా ఎవరూ రాలేదు, చివరికి మేమే తీసి పక్కన పడేశాం. ఈ నంబర్లను నమ్మొచ్చా?
- ఒక పాఠకుడు, రాజాం

జవాబు: మీ ఆవిడ మోకాలు తగ్గిందనుకుంటాను. నమ్మొచ్చండీ, కాకపోతే ఏ నంబరు దేనికో తెలిసి చేయాలి.

మనిషికి దెబ్బ తగిలితే 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన సర్వీసు, ఇప్పుడు మన పల్లెల్లో ముసలమ్మలకి కూడా ఆ నంబరు నోటికొచ్చు. ఇబ్బందల్లా "ఇంకా ఎవరికీ ఏమీ కాలేదు, కాసేపట్లో అవుతుంది" అని చెప్పే కాల్‌తోనే. ఆ రాళ్లు తీయాల్సింది పోలీసులా, ఆర్‌అండ్‌బీ వాళ్లా, పంచాయతీయా అన్నది తేలేలోపు ఇంకో బండి వచ్చేస్తుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే, ఎవరో ఒకరు పడ్డాక పరుగెత్తుకొచ్చే బదులు ముందే ఆ నాలుగు రాళ్లు తీయించొచ్చు కదా.

అందుకే ముందు ఆ రోడ్డు ఎవరిదో చూడండి. కిలోమీటరు రాయి తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. రణస్థలం, నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం పోయే 16వ నంబరు రోడ్డయినా, నాతవలస నుంచి విజయనగరం మీదుగా సాలూరు పోయే 26వ నంబరు రోడ్డయినా జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి చేయండి, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మీ చీపురుపల్లి రోడ్డుకి అది పనికిరాదు, పోలీసులతో సహా అన్ని ఎమర్జెన్సీలకీ ఉన్న 112కే చేయాలి. కరెంటు తీగ తెగి పడితే 1912, కర్రతో కూడా దాన్ని కదపొద్దు.

ఇక చోటు చెప్పడం. 112కి చేయగానే మనం ఎక్కడున్నామో వాళ్లకి కనిపించేస్తుందని చాలామంది అనుకుంటారు. టవరును బట్టి తెలిసేది ఉజ్జాయింపే, పల్లెల్లో ఒక్కో టవరు కిలోమీటర్ల మేర పనిచేస్తుంది. నేనూ ఒక రాత్రి చెడిపోయిన లారీ వెనక వదిలేసిన రాళ్ల దగ్గర ఆగిపోయాను. ఎక్కడంటే గరివిడి దాటాక అన్నాను, దాటాక ఎంత దూరం అంటే నాకు నోట మాట లేదు. సెల్లు టార్చి వేసి చూస్తే పక్కనే బడి గోడ, దాని మీద ఊరి పేరు, మండలం నల్లటి పెద్దక్షరాలతో రాసి ఉన్నాయి. అది చదివి వినిపించాక ఇరవై నిమిషాల్లో కానిస్టేబుల్ వచ్చారు. బడి గోడ దొరక్కపోతే కిలోమీటరు రాయి మీద ఏముందో ఉన్నదున్నట్టు చదవండి. జిల్లా పేరు కూడా ముందే చెప్పండి, రాజాం 2022 ఏప్రిల్ నుంచి విజయనగరం జిల్లాలో ఉన్నా చాలామంది నోట ఇంకా శ్రీకాకుళమే వస్తుంది. ఇచ్ఛాపురం దగ్గరైతే ఫోన్ ఒడిశా టవరు పట్టుకోవచ్చు, ఆంధ్రా అని మొదటి మాటగా చెప్పాలి.

ఫోన్ చేస్తే స్టేషన్ చుట్టూ తిప్పుతారని ఇంకా భయపడేవాళ్లున్నారు. దెబ్బ తగిలినవాళ్ల గురించి సమాచారం ఇచ్చినవాళ్లని పేరు చెప్పమని బలవంతం చేయకూడదు, 2019లో మోటారు వాహనాల చట్టంలోనే 134ఏ సెక్షన్ చేర్చి మరీ మంచి మనసుతో సాయం చేసినవాళ్లకి రక్షణ ఇచ్చారు.

సిగ్నలే లేకపోతే ఏ నంబరూ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు జీడి, కొబ్బరి చెట్లని పడగొట్టినప్పుడు టవర్లు కూడా పోయాయి, చాలాచోట్ల ఊళ్లవాళ్లే గొడ్డళ్లు పట్టుకుని దారి చేసుకున్నారు. మీరు రాళ్లు తీయడం కూడా అలాంటిదే, మంచి పని చేశారు. కాకపోతే ఈసారి ముందు బండిని రోడ్డు దిగి, కాస్త వెనక, ఇండికేటర్లు వేసి ఆపండి, ఒకరు టార్చి ఊపుతూ నిలబడితేనే ఇంకొకరు రాళ్ల మీద చేయి వేయండి.

మర్నాడు ఆ ఊరి సచివాలయంలో చెప్పండి, వినకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కాగితం ఇవ్వండి. రాళ్లు తీసేశాక మళ్లీ ఫోన్ చేసి "తీసేశాం" అని చెప్పారా? చెప్పకపోతే ఆ రాత్రి ఆలస్యంగానైనా బయల్దేరిన బండి లేని రాళ్ల కోసం వెతుక్కుని ఉంటుంది, ఆ టైములో ఇంకో చోట ఎవరో దానికోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు.