ఏ పేటలో ఏ వేళకి

చిరంజీవి లాస్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. కొండాపూర్ హాస్టల్లో బాగానే సర్దుకున్నావని మీ అమ్మ చెప్పింది. రోజూ రాత్రి ఫోన్‌లో ఆర్డర్ పెట్టుకుని గదిలోనే తింటున్నావనీ, "హైదరాబాద్ బిర్యానీ అంటే ఇంతేనా" అని పెదవి విరిచావనీ కూడా చెప్పింది. ఆ మాట విన్నాక ఉండబట్టలేక రాస్తున్నాను. బ్యాంకు ఉద్యోగంలో చార్మినార్, కోఠి, సికింద్రాబాద్, అమీర్‌పేట బ్రాంచీలు తిరిగినదాన్ని. ఎక్కడ పనిచేస్తే అక్కడివాళ్ళు తినేది, వాళ్ళు తినే వేళకి తిన్నాను. ఈ ఊళ్ళో హోటల్ పేరు ఒక్కటే తెలిస్తే చాలదమ్మా, వేళ కూడా తెలియాలి. వేళ తప్పితే ఎంత పేరున్న చోటైనా చల్లారిందో, అడుగంటిందో పెడతారు.

ముందు బిర్యానీ సంగతి. ఇక్కడిది కచ్చీ బిర్యానీ. మసాలా, పెరుగు పట్టించిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన అన్నం పరిచి, మూత చుట్టూ పిండి మెత్తి దమ్ మీద పెడతారు. మూత తీసిన గంటలోపు దాని రుచే వేరు. పెద్ద హోటళ్ళలో తొలి డేగిసా, అంటే పెద్ద వంటగిన్నె, మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకి తెరుస్తారు. అప్పుడు వెళ్ళు. అదే బిర్యానీ డబ్బాలో మూతపడి, బండి మీద అరగంట తిరిగి నీ దగ్గరికి వచ్చేసరికి దాని ఆవిరే దాన్ని మెత్తబరిచేస్తుంది. నువ్వు తిన్నది అదీ. సికింద్రాబాద్ ప్యారడైజ్ 1953 నుంచి ఉన్నది, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ బావర్చీకి జనం ఎప్పుడూ తగ్గరు. (బావర్చీ బోర్డులు ఊరంతా కనిపిస్తాయి, క్రాస్ రోడ్స్‌లోదే చూసుకుని వెళ్ళు.) నా మనసు మాత్రం పాతబస్తీలో మదీనా సెంటర్ దగ్గరి షాదాబ్ హోటల్ మీదే. ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది, తొందరపడి తలా ఒకటి చెప్పకండి. మిర్చీ కా సాలన్ అన్నం మీద కుమ్మరించకు, ముద్ద ముద్దకీ కాస్త అద్దుకో. చివర ఖుబానీ కా మీఠాకి, అదే ఎండు ఆప్రికాట్ల తీపికి, కడుపులో చోటు ఉంచుకో.

పాతబస్తీ అసలు రుచి మాత్రం పొద్దున్నే తెలుస్తుంది. బిర్యానీ కోసం వెళ్ళేవాళ్ళు వెయ్యిమంది ఉంటే పొద్దున టిఫిన్‌కి వెళ్ళేవాళ్ళు పదిమంది ఉండరు, నాకు అదే బాధ. రాత్రంతా సన్నటి సెగ మీద మరిగిన నహారీ అనే మాంసం పులుసుని తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక కుల్చా రొట్టెతో తింటారు. అందులో పాయా (కాళ్ళు), నాలుక ముక్కలు వేస్తారు. చలికాలం అయితే మరీ బాగుంటుంది. పురానీ హవేలీ వైపు నాలుగు మూలల నాన్ కాల్చి అమ్మే పాత భట్టీలు ఉన్నాయి, చార్ కోనీ నాన్ అని అడుగు. ఆ వేళకి మెట్రో ఉండదు కాబట్టి నలుగురు కలిసి క్యాబ్‌లో వెళ్ళండి, ఒక్కదానివీ వద్దు.

అంత పొద్దున్నే లేవలేను అంటావా, అయితే ఖిచిడీ, ఖట్టా, ఖీమా. హైదరాబాద్ ముస్లిం ఇళ్ళలో టిఫిన్ అంటే ఇదే. పసుపు వేసి మసూర్ పప్పుతో వండిన పొడిపొడి ఖిచిడీ, నువ్వులు చింతపండుతో చేసిన పల్చటి ఖట్టా, పక్కన ఖీమా. మొదట ఖిచిడీలో గుంట చేసి ఖట్టా పోసుకో. ఖీమా అంతా ఒకేసారి కలపకుండా అంచు నుంచి కొద్దికొద్దిగా లాక్కుంటూ తిను. అప్పడం నలిపి పైన చల్లుకుంటే కరకరలాడుతూ పులుపుకి సరిగ్గా జత కుదురుతుంది. పది దాటితే చాలాచోట్ల అయిపోతుంది.

నీ రూమ్మేట్ శాకాహారి అన్నావు కదా, ఆ అమ్మాయిని గుల్జార్ హౌజ్ దగ్గరి గోవింద్ బండికి తీసుకెళ్ళు. పెనం మీద దోశ పోసి, వెన్న వేసి, ఉప్మా, టమాటా, కారప్పొడి అక్కడే చిదిమి దోశ అంతా పూస్తారు. మధ్యాహ్నం దాకా ఆగితే దొరకదు. ఇలాంటిదే రాత్రి షిఫ్టు వాళ్ళకి నాంపల్లి వైపు రామ్ కీ బండీ, తెల్లవారుజామున మూడింటికి మొదలవుతుంది. కూర్చుని నిదానంగా తినాలంటే అబిడ్స్ తాజ్‌మహల్ హోటల్, హిమాయత్‌నగర్ మినర్వా ఉండనే ఉన్నాయి.

ఇరానీ చాయ్‌కి వేళాపాళా లేదంటారు, నేను ఒప్పుకోను. మధ్యాహ్నం మూడున్నర, నాలుగుకి తాగాలి, బిస్కెట్ల ట్రేలు వేడివేడిగా బయటికి వచ్చేటప్పుడు. డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా మరుగుతుంటాయి, కప్పులో కలుస్తాయి. చార్మినార్ పక్కన నిమ్రాలో నిలబడి ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తిను, ఉప్పూ తీపీ రెండూ తగులుతాయి. సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట ఆల్ఫా, రెడ్ హిల్స్‌లో నీలోఫర్ కూడా మంచివే. ఇరానీ హోటల్లో ఎవరి టేబుల్ దగ్గరైనా ఖాళీ కుర్చీ ఉంటే కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఇబ్బందిగా ఉంటే ఫ్యామిలీ సెక్షన్ ఉందా అని మొహమాటం లేకుండా అడుగు. వన్ బై టూ చెప్పడానికీ సిగ్గుపడకు.

మన భోజనం మీద బెంగ పుడితే అమీర్‌పేట పో. మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సుల కోసం వచ్చి హాస్టళ్ళలో ఉండే పిల్లల కోసం పుట్టిన మెస్సులు అవి. పప్పు, గోంగూర, పొడీ నెయ్యీ, మారు వడ్డన. ఇక్కడా పన్నెండున్నరే మంచి వేళ, రెండు దాటితే కూరలు తరిగిపోయి సాంబారే మిగులుతుంది. గోదావరి వంటలంటే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు వైపు వెళ్ళు. రాత్రికి బయటికి కదలలేని రోజున కర్రీ పాయింట్‌లో పప్పూ, వేపుడూ ప్యాకెట్లు కట్టించుకుని అన్నం ఒక్కటే వండుకో. రోజూ యాప్‌లో తినేదానికంటే వెయ్యి రెట్లు నయం.

అదే కూకట్‌పల్లి, మియాపూర్ రోడ్ల మీద సాయంత్రం ఆరు దాటాక జొన్నరొట్టెలు చేసే ఆడవాళ్ళు కూర్చుంటారు. ఆగి చూడు. పిండి ముద్దని అరచేతులతో తడుతూ తిప్పుతూ పల్చన చేసి పెనం మీద వేస్తారు. పైవైపు తడిగుడ్డతో తుడిచి, తిరగేసి, ఆఖర్న మంట మీద పెట్టగానే రొట్టె పొంగుతుంది. పొంగినప్పుడే తీసుకుని అక్కడే తిను, పొట్లం కట్టించుకుంటే హాస్టల్‌కి చేరేసరికి సాగుతుంది. పచ్చిమిరపకాయ తొక్కు అడుగు.

మీ ఆఫీసు వైపు డీఎల్‌ఎఫ్ వీధి రాత్రుళ్ళు సందడిగా ఉంటుంది, పని ఆలస్యమైతే తినడానికి బాగానే ఉంటుంది. చాట్ తినాలనిపిస్తే మాత్రం సికింద్రాబాద్ సింధీ కాలనీకి సాయంత్రం వెళ్ళు. ఎండలు ముదిరాక మోజంజాహీ మార్కెట్‌లో మామిడి ఐస్‌క్రీమ్, అక్టోబర్‌లో సీతాఫలం. 1935లో కట్టిన రాతి మార్కెట్ అది. ఏ కాలంలో ఏ పండు ఉంటే అదే అడగాలి, లేని పండు అడిగితే గుజ్జు డబ్బాలోంచి వస్తుంది.

మందీ అని అరబ్బుల మాంసం, అన్నం వంట ఒకటి ఉంది, ఇప్పుడు ఆ హోటళ్ళు చాలాచోట్ల పెట్టారు. దాని పుట్టిల్లు ఇక్కడ బార్కస్. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి ఉండే పేట. నలుగురు ఉంటేనే వెళ్ళండి, ఒకే పళ్ళెం చుట్టూ కింద కూర్చుని తినాలి. కారం ఉండదు, మాంసం, అన్నం వాసనే రుచి. అంత దూరం పోలేకపోతే టోలీచౌకీ మీకు దగ్గర.

హలీమ్‌కి మాత్రం రంజాన్ దాకా ఆగు. మామూలు రోజుల్లో దొరికినా ఆ నెలలో భట్టీల మీద గోధుమా, మాంసమూ గంటలకొద్దీ దంచుతూ వండినదాని ముందు అది నిలవదు. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఈ వంటకి. పిస్తా హౌస్, షా గౌస్ రెండూ తిని నీకు నచ్చింది నువ్వే ఎంచుకో. ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నాను: ఇఫ్తార్‌కి ముందు గంట క్యూలో నిలబడొద్దు. పొద్దంతా ఉపవాసం ఉన్నవాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళే వేళ అది. మనం ఎనిమిది దాటాక వెళ్దాం.

వచ్చే ఆదివారం నీకూ రూమ్మేట్‌కీ ఖాళీయేనా? రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎంజీబీఎస్‌లో దిగండి. ఎనిమిదిన్నరకల్లా స్టేషన్ మెట్ల దగ్గర ఉంటాను, అక్కడి నుంచి ఆటోలో వెళ్దాం. నీకు ఖిచిడీ, ఆ అమ్మాయికి దోశ. రాత్రి ఎక్కువ తినకుండా పడుకోండి. శనివారం లోపల ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ