చిగుళ్ల గ్రాఫ్టింగ్ విఫలమైంది.. ఫారం మీద సంతకం పెట్టాక కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది గాజువాక. కింది వరస ముందు పళ్లలో మూడింటికి చిగురు జారిపోయి వేర్లు బయటపడ్డాయి. చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమనేది. నగరంలోని ఓ డెంటల్ క్లినిక్‌లో గమ్ గ్రాఫ్టింగ్ చేస్తే ‘వంద శాతం కప్పేస్తుంది’ అన్నారు, వాట్సాప్‌లోనూ అలాగే రాశారు. రూ.54,000 కట్టాను. కుర్చీలో పడుకున్నాక ఇంగ్లిష్ ఫారం మీద సంతకం తీసుకున్నారు. అంగిలి నుంచి కండ కోసి తెచ్చి పెడతారని అప్పటిదాకా నాకు తెలియదు. మూడో రోజు ఒక పంటి దగ్గర అతికించింది నల్లబడి ఊడొస్తోందని ఫోన్ చేస్తే, ‘కుట్లు తీసేటప్పుడు చూద్దాం’ అన్నారు. ఇప్పటికి ఐదు వారాలైంది. ఆ పంటికి ఏమీ మిగల్లేదు, మిగతా రెండింటికి సగమే కప్పింది. అంగిలిలో ఒక పక్క మొద్దుబారింది. డబ్బు వెనక్కి అడిగితే ‘మీరు సిగరెట్లు కాల్చారు, సంతకం కూడా పెట్టారు’ అంటున్నారు. రోజుకు నాలుగైదు కాల్చే మాట నిజమే. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. సంతకం పెట్టినంత మాత్రాన మీ నోరు కట్టేసినట్టు కాదు. అయితే ‘గ్రాఫ్ట్ నిలవలేదు కాబట్టి డాక్టరుది తప్పు’ అనే ఒక్క వాదనతో వెళ్తే మాత్రం ఓడిపోతారు. చికిత్స ఫలించకపోవడమే నిర్లక్ష్యం కాదని, ఆ వృత్తిలో సాధారణ నైపుణ్యం ఉన్నవారు చూపాల్సిన శ్రద్ధ చూపారా లేదా అన్నదే కొలత అని సుప్రీంకోర్టు జాకబ్ మాథ్యూ కేసులో (2005) చెప్పింది. మీ కేసుకు బలం మరో మూడు చోట్ల ఉంది: ముందు మీకు ఏం చెప్పారు, మూడో రోజు ఫోన్ చేసినప్పుడు ఏం చేశారు, ఇదంతా రికార్డులో ఎలా ఉంది.

ముందుగా వైద్యం సంగతి కొంత తెలుసుకోవాలి, ఎందుకంటే అవతలి వకీలు మొదట ఎత్తేది అదే. అతికించిన కండకు మొదటి రెండు మూడు రోజులు సొంత రక్తనాళాలు ఉండవు. కింద ఉన్న గాయం నుంచి ఊరే ద్రవంతోనే బతుకుతుంది, ఆ తర్వాతే కొత్త నాళాలు అల్లుకుంటాయి. ఆ రోజుల్లో అది కదిలినా, కింద రక్తం గడ్డకట్టినా, పొగతాగి నాళాలు కుంచించుకుపోయినా చచ్చిపోతుంది. పైగా కింది ముందు పళ్ల దగ్గర చిగురు పల్చగా ఉంటుంది, పెదవి కండరం లాగుతుంటుంది కాబట్టి కష్టమైన చోటే. పళ్ల మధ్య ఎముక, చిగురు ఎత్తు తగ్గకుండా ఉంటే వేరు పూర్తిగా కప్పుకునే అవకాశం బాగుంటుంది. అక్కడ కూడా తగ్గిపోతే సగం కప్పడమే మంచి ఫలితం. చికిత్సకు ముందే ఎక్స్‌రే, కొలతలు చూసి ఈ తేడా చెప్పేయగలరు. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: మీ మూడు పళ్ల ఎముక ఎత్తు చూశాక కూడా ‘వంద శాతం’ అని రాశారా? అలా రాసి ఉంటే ఆ వాట్సాప్ మెసేజ్ కేసులో పెద్ద ఆధారమవుతుంది.

సగం కప్పిన ఆ రెండు పళ్ల మీద ఇప్పుడే తుది మాట అనకండి. కొన్ని నెలలపాటు చిగురు కొద్దికొద్దిగా పైకి పాకడం ఉంటుంది, దంత వైద్యులు ఫలితాన్ని మామూలుగా ఆరు నెలలకు కొలుస్తారు. అంగిలి మొద్దుబారడం కూడా చాలామందికి నెలల్లో తగ్గుతుంది. ఐదో వారంలోనే కేసు వేస్తే ‘ఇంకా మానలేదు’ అనే జవాబు వస్తుంది. ఆధారాలు ఇప్పుడు సేకరించండి, కేసు తర్వాత వేయండి. మీకు సమయముంది.

ఇక సంతకం. సమీరా కోహ్లీ కేసులో (2008) సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, సమ్మతి చెల్లాలంటే రోగికి తగినంత సమాచారం అంది ఉండాలి: చేసేదేమిటి, ఎలా చేస్తారు, ఎందుకు, వేరే మార్గాలేమైనా ఉన్నాయా, గణనీయమైన ముప్పులేమిటి, వద్దంటే ఏమవుతుంది. అరుదైన, ఊహకు మాత్రమే అందే ముప్పులన్నీ ఏకరువు పెట్టాల్సిన పనిలేదు. కానీ అంగిలిలో రెండో గాయం అలాంటిది కాదు, ఆ శస్త్రచికిత్సలో అదే సగం. దానికి ప్రత్యామ్నాయాలు కూడా ఉన్నాయి: అంగిలి జోలికి పోకుండా కొల్లాజెన్ పొరతో చేసే పద్ధతులు, జివ్వుమనడమే బాధ అయితే వేరు మీద పంటి రంగు ఫిల్లింగ్. ఇది ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరం కూడా కాదు. ముందురోజు మీకు తెలుగులో చెప్పి సంతకం తీసుకోవడానికి అడ్డేమీ లేదు. ‘కుర్చీలో పడుకోబెట్టి ఇంగ్లిష్ కాగితం’ అన్నది మీ ఫిర్యాదులో మొదటి పేరాలోనే ఉండాలి. ఫారంలో ఏ పళ్లు, ఏ పద్ధతి, కండ ఎక్కడి నుంచి అన్నవి చేత్తో నింపారా, లేక అచ్చు కాగితం ఖాళీగానే ఉందా చూడండి. ఖాళీలుంటే మీకు మేలు.

మూడో రోజు ఫోన్ సంగతి నా లెక్కలో ఇంకా బలమైనది. మొదటి వారంలో గ్రాఫ్ట్ పైపొర తెల్లగా మారి రాలడం మామూలేనని వాళ్లు చెప్తారు, అది నిజం కూడా. కానీ నల్లబడిందని రోగి చెప్పినప్పుడు ఏది మామూలో ఏది చావో కంటితో చూస్తేనే తెలుస్తుంది. చూడకుండా వాయిదా వేయడం సేవాలోపమే. మీ కాల్ రికార్డు, ఆ రోజు తీసిన ఫొటో ఉంటే తేదీతో సహా భద్రంగా ఉంచండి. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియం 2023లోని సెక్షన్ 63(4) సర్టిఫికెట్ (ఆ కాపీ ఏ ఫోన్ నుంచి, ఎలా తీశారో ధ్రువీకరించే పత్రం) జతచేయడం మంచిది. వినియోగదారుల కమిషన్లలో సాక్ష్య చట్టం కచ్చితంగా వర్తించకపోయినా, అవతలివాళ్లు మెసేజ్ నకిలీ అంటే అది ఆదుకుంటుంది.

సిగరెట్ల విషయం దాచకండి. ప్రమాణ పత్రంలో అబద్ధం దొరికితే మిగతాదంతా నీరుగారిపోతుంది. కేసు షీట్‌లో ‘పొగతాగుతారు, మానేయమని చెప్పాం’ అని చికిత్సకు ముందు తేదీతో ఉంటే మీ పరిహారం తగ్గొచ్చు. అసలు అడగనే లేదంటే, లేదా తెలిసీ ఏమీ చెప్పకుండా గ్యారంటీ ఇచ్చారంటే ఆ వాదన వాళ్ల మీదికే తిరుగుతుంది.

ఇప్పుడు చేయాల్సింది: రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో క్లినిక్‌కు ఉత్తరం రాసి కేసు షీట్, ముందు తీసిన ఎక్స్‌రేలు, ఫొటోలు, ఒక్కో పంటికి చిగురు ఎంత జారిందో మిల్లీమీటర్లలో రాసిన చార్టు, సమ్మతి ఫారం, వాడిన మెటీరియల్ స్టిక్కర్లు, రసీదులు అడగండి. ఫోన్‌లో అడిగితే కాగితాలు ‘సర్దుకునే’ వీలుంటుంది. గ్రాఫ్ట్ చేసినవారి పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కూడా అడగండి. ఎందుకంటే బయటి నుంచి వచ్చే కన్సల్టెంట్‌తో చేయించడం క్లినిక్‌లలో మామూలే. అలా అయితే క్లినిక్‌నూ, ఆ డాక్టరునూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. చిగుళ్ల స్పెషలిస్టు చేస్తారని చెప్పి వేరేవారు చేసి ఉంటే అది విడిగా రాయాల్సిన అంశం.

ఆ తర్వాత వేరే చోట చూపించుకోండి. రుషికొండ, సంగివలసల్లోని డెంటల్ కాలేజీల్లో పీరియాడాంటిక్స్ (చిగుళ్ల వైద్యం) విభాగాలున్నాయి. ‘మొదటి డాక్టరుది తప్పేనా’ అని అడిగితే ఎవరూ రాసివ్వరు. ఈ రోజు ఒక్కో పంటికి వేరు ఎంత బయటుంది, పళ్ల మధ్య ఎముక ఎంత తగ్గింది, అంగిలిలో స్పర్శ ఎంతమేర లేదు, మళ్లీ చేయాలంటే ఖర్చెంత, ఇవి రాయమనండి. మళ్లీ గ్రాఫ్ట్ చేయించుకోవాలనుకున్నా ఈ కొలతలు, ఫొటోలు అయ్యాకే. పాత స్థితి చెరిగిపోతే కేసూ చెరిగిపోతుంది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని కిషన్‌రావు కేసులో (2010) సుప్రీంకోర్టు అంది గానీ, పంటి కేసుల్లో అది లేకుండా వెళ్లమని నేను చెప్పను.

ఫిర్యాదు విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. పరిధిని మీరు కట్టిన మొత్తాన్ని బట్టే చూస్తారు, మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు. రూ.50 లక్షల దాకా జిల్లా కమిషనే. కట్టింది రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. గడువు వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. లాయర్ నోటీసు పంపినంత మాత్రాన ఆ గడువు పెరగదు, చాలామంది పొరబడేది ఇక్కడే. క్లినిక్ జవాబుకు 30 రోజులు, మరో 15 రోజులు మాత్రమే పొడిగింపు. చట్టం మూడు నెలల్లో తేల్చమంటుంది, వాస్తవంలో ఇంకా ఎక్కువే పడుతుంది.

శాశ్వత లోక్ అదాలత్ కూడా ఉంది, ఆసుపత్రి సేవలు దాని పరిధిలోకి వస్తాయి. కానీ అక్కడ రాజీ కుదరకపోతే వాళ్లే తీర్పు ఇచ్చేయగలరు, దాని మీద అప్పీలు లేదు. మీకు త్వరగా కొంత డబ్బు చాలనుకుంటేనే అటు వెళ్లండి. పోలీసు కేసు ఆలోచన మానుకోండి. క్రిమినల్ కేసుకు ఘోర నిర్లక్ష్యం కావాలి, ఇందులో అది కనిపించడం లేదు. రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు గానీ అది క్రమశిక్షణ చర్య, మీ చేతికి డబ్బు రాదు.

ఎంత అడగాలి? కట్టిన రూ.54,000, మళ్లీ చేయించుకునే ఖర్చుకు రాతపూర్వక అంచనా, మానసిక వేదనకు సబబైన మొత్తం, కోర్టు ఖర్చులు. ఇరవై లక్షలు అడిగితే వాదన పలచనవుతుంది. నోటీసు అందగానే క్లినిక్ కొంత తిరిగిచ్చి ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అనే రసీదు మీద సంతకం అడగొచ్చు. ఆరు నెలల కొలతలు చేతికి రాకముందే దాని మీద సంతకం పెట్టకండి.