జాబులు – జవాబులు: తరగతి గది నుంచి శాసన మండలికి

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటును. ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్లు దాటింది. పాత పెన్షన్ వర్తించే కాలంలోనే చేరాను. 2029లో శాసన మండలి పశ్చిమ రాయలసీమ ఉపాధ్యాయుల స్థానానికి పోటీ చేయమని తోటివారు పట్టుబడుతున్నారు. ఉద్యోగంలో ఉంటూనే పోటీ చేయవచ్చా? ప్రచారం ఎప్పుడు మొదలుపెట్టాలి? పెన్షన్ పోతుందేమోనని మా ఇంట్లో భయపడుతున్నారు.
— ఒక ఉపాధ్యాయుడు, తాడిపత్రి

జవాబు: మీ ఇంటివారి భయం న్యాయమైనది కనుక ముందు దాని సంగతి చూద్దాం. ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవారు శాసనసభకు గానీ శాసన మండలికి గానీ ఎన్నిక కావడానికి అనర్హులని రాజ్యాంగం 191వ అధికరణం చెబుతోంది. ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి కూడా ఎన్నికల రాజకీయాల్లో పాల్గొనడాన్ని నిషేధిస్తుంది. కాబట్టి నామినేషన్ల పరిశీలన నాటికి మీరు ఉద్యోగం నుంచి పూర్తిగా బయటపడి, ఆ మేరకు ఉత్తర్వులు చేతిలో ఉంచుకోవాలి. దరఖాస్తు పెట్టాను, ఆమోదం రావలసి ఉంది అంటే రిటర్నింగ్ అధికారి ముందు చెల్లదు. అయితే బయటపడే మార్గాలు రెండున్నాయి, వాటి ఫలితాలు ఒకటి కావు. రాజీనామా చేస్తే చేసిన సర్వీసంతా పెన్షన్ లెక్కకు రాకుండా పోతుంది. ఇరవై ఏళ్ల అర్హ సర్వీసు నిండినవారు మూడు నెలల ముందు నోటీసు ఇచ్చి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంటే పెన్షన్ నిలుస్తుంది. మీకు ఈ రెండో దారి ఉంది. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరి సీపీఎస్ (ఉద్యోగి తన వాటా కట్టే పెన్షన్ పథకం) పరిధిలోకి వచ్చిన మిత్రుల లెక్క వేరు. వారు ఖజానా అధికారులతో కూర్చుని ప్రతి కాగితం చూసుకున్న తర్వాతే అడుగు వేయాలి. ఆవేశంలో రాసిన రాజీనామా పత్రంతో ప్రచారం ప్రారంభించే స్నేహితుణ్ణి ఆపడం కూడా తోటి ఉపాధ్యాయుల బాధ్యతే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక ప్రచారం ఎప్పుడు మొదలుపెట్టాలన్న ప్రశ్న. మీరు నామినేషన్ తర్వాతి మూడు వారాల గురించి అడుగుతున్నారు, కానీ ఈ ఎన్నికలో గెలుపోటములు అంతకు చాలా ముందు, ఓటరు నమోదు దగ్గరే సగం తేలిపోతాయి. శాసనసభ ఓటరు జాబితా పాతదానికి సవరణలు చేసుకుంటూ వచ్చేది. ఉపాధ్యాయుల జాబితా ప్రతి ఎన్నికకూ మొదటి పేరు నుంచి కొత్తగా రాసేది. 2023 మార్చి ఎన్నికకు 2022 నవంబరు 1వ తేదీని అర్హత తేదీగా తీసుకుని అక్టోబరు, నవంబరు నెలల్లో దరఖాస్తులు స్వీకరించారు. ప్రస్తుత సభ్యుల పదవీకాలం 2029 మార్చి నెలాఖరుకు ముగుస్తుంది కనుక అదే పద్ధతి కొనసాగితే మీకు కీలకమైనది 2028 నవంబరు 1. గత ఎన్నికలో ఓటు వేశాను గదా, పేరు ఉంటుందిలే అనుకుని నమోదు దరఖాస్తు అయిన ఫారం 19 నింపని ఉపాధ్యాయులు ప్రతి మండలంలోనూ ఉంటారు. పోలింగు నాడు వారు కేంద్రం దాకా వచ్చి వెనుదిరగడం కంటే బాధాకరమైన దృశ్యం నాకు మరొకటి తోచదు.

ఓటు ఎవరికి వస్తుందో కూడా మీరు కంఠస్థం చేసుకోవాలి. అర్హత తేదీకి ముందటి ఆరేళ్లలో మొత్తం మీద మూడేళ్లయినా, ఉన్నత పాఠశాల స్థాయికి తగ్గని విద్యాసంస్థలో బోధించి, నియోజకవర్గంలో సాధారణ నివాసం ఉన్నవారు అర్హులు. ఈ లెక్క సరిగా అర్థమైతే ఒక సంగతి బయటపడుతుంది: ఏడాది రెండేళ్ల కిందట పదవీ విరమణ చేసినవారికి కూడా ఓటు ఉంటుంది. వారిని ఎవరూ పలకరించరు. అలాగే గుర్తింపు పొందిన ప్రైవేటు ఉన్నత పాఠశాలల్లో, జూనియర్ కళాశాలల్లో బోధించేవారికీ హక్కు ఉంది, కానీ సంస్థ అధిపతి ధ్రువపత్రం ఇవ్వనిదే దరఖాస్తు నిలవదు. నియామక ఉత్తర్వే ఇవ్వని యాజమాన్యం ధ్రువపత్రం ఇవ్వడానికి ఎంత వెనకాడుతుందో మీకు తెలియనిది కాదు. పార్టీవారో సంఘంవారో కట్టగట్టి తెచ్చిన దరఖాస్తులను అధికారులు తీసుకోరు. సంస్థ అధిపతి మాత్రం తన సిబ్బంది దరఖాస్తులన్నిటినీ కలిపి పంపవచ్చు. అందువల్ల ప్రధానోపాధ్యాయులను, ప్రిన్సిపాళ్లను కలవడం మీ మొదటి పని. బోధించని వారి పేర్లు ధ్రువపత్రాలతో జాబితాలోకి ఎక్కాయని తెలిస్తే, అవి మీకు పడే ఓట్లే అయినా సరే, ముసాయిదా జాబితాపై అభ్యంతరం మీరే పెట్టండి. పిల్లల హాజరుపట్టీలో లేనివాడి పేరు రాయని ఉపాధ్యాయుడు ఓటరు జాబితా విషయంలో ఇంకో రకంగా ఉండకూడదు.

నియోజకవర్గం విస్తీర్ణం కూడా లెక్కలో పెట్టుకోండి. ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలు మూడూ దీని కిందికి వస్తాయి. మంత్రాలయం నుంచి రాజంపేట దాకా, శ్రీశైలం నుంచి హిందూపురం దాకా తిరగాలి. ఇంత నేల మీద ఉపాధ్యాయ ఓటర్లు 2023లో 30 వేలలోపే. అంటే ఒక్కొక్క ఓటరు దగ్గరికీ వెళ్లడం కష్టమే గానీ అసాధ్యం కాదు, వెళ్లకపోతే మాత్రం ఎవరూ క్షమించరు. ఆ ఎన్నికలో ఈ స్థానం రెండు వందల ఓట్లు కూడా లేని తేడాతో తేలింది. యూటీఎఫ్, ఎస్టీయూ, పీఆర్టీయూ వంటి సంఘాల మద్దతు బలమైనదే, కానీ సంఘం పేరు చెప్పి ఓటరును ఇంటి దగ్గరే లెక్కేసుకునే రోజులు పోయాయి.

ప్రశ్న: నేను ప్రైవేటు డిగ్రీ కళాశాలలో అధ్యాపకుణ్ణి. పట్టభద్రుల స్థానంలో స్వతంత్రుడిగా ఒకసారి పోటీ చేసి ధరావతు కోల్పోయాను. మళ్లీ పోటీ చేయాలని ఉంది. మండలికే నిలబడాలా, శాసనసభకు వెళ్లాలా? ఒకసారి ఓడినవాణ్ణి జనం నమ్ముతారా?
— ఒక అధ్యాపకుడు, ప్రొద్దుటూరు

జవాబు: గెలుపుకు కావలసిన కోటా ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ధరావతు పోతుంది, 10 వేల రూపాయలు పోవడం కంటే ఆ మాట వినడమే ఎక్కువ నొప్పిస్తుందని నాకు తెలుసు. కానీ మండలి ఎన్నికల చరిత్రలో ఓడి మళ్లీ నిలబడ్డ అధ్యాపకులు తక్కువేమీ కాదు. గుంటూరు ప్రాంతంలో రాజనీతిశాస్త్ర అధ్యాపకుడిగా పేరున్న కె.ఎస్. లక్ష్మణరావు 2007లో ఉపాధ్యాయుల స్థానం నుంచి మండలికి వెళ్లారు, 2015లో ఓడారు, 2019లో పట్టభద్రుల స్థానంలో గెలిచారు, 2025లో మళ్లీ ఓడారు. ఉత్తరాంధ్రలో గాదె శ్రీనివాసులు నాయుడు 2019లో ఉపాధ్యాయుల స్థానాన్ని పోగొట్టుకుని 2025లో తిరిగి సంపాదించారు. ప్రొఫెసర్ కోదండరామ్ 2021లో పట్టభద్రుల స్థానంలో ఓడిపోయారు. అదే ఏడాది హైదరాబాద్ వైపు స్థానంలో, అంతకు ముందు రెండుసార్లు స్వతంత్రుడిగా గెలిచిన ప్రొఫెసర్ కె. నాగేశ్వర్ కూడా ఓడారు. కాబట్టి ఓటమి మీ యోగ్యతకు కొలమానం కాదు. అయితే ఆ ఓటమి ఎక్కడ జరిగిందో మీరు పరిశీలించారా అన్నదే నా ఎదురు ప్రశ్న.

ఎందుకంటే ఈ ఎన్నిక లెక్కలు వేరు. బ్యాలెట్ పత్రం మీద పార్టీ గుర్తు ఉండదు. ఓటరు అధికారి ఇచ్చిన ఊదా రంగు స్కెచ్ పెన్నుతో పేరుకు ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేయాలి. చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి కలిపితే వచ్చేది కోటా: చెల్లినవి 20,000 అయితే 10,001. మొదటి ప్రాధాన్యంతో ఎవరూ ఆ కోటాకు చేరకపోతే అందరికంటే తక్కువ ఓట్లు వచ్చినవారిని తప్పించి, వారి పత్రాలమీద తరువాతి ప్రాధాన్యం ఎవరికి ఉంటే వారికి కలుపుతూ పోతారు. 2023లో ఇదే పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానంలో మొదటి ప్రాధాన్య ఓట్లలో వెనకబడిన భూమిరెడ్డి రాంగోపాల్ రెడ్డి, తొలగిన అభ్యర్థుల పత్రాల మీది రెండో ప్రాధాన్యాలతో ముందుకు వచ్చి గెలిచారు. ఓట్ల లెక్కింపు గంటల తరబడి సాగి, ఆధిక్యం చేతులు మారిన ఆ ఎన్నికను పట్టభద్రుల స్థానానికి నిలబడదలచిన ప్రతి అధ్యాపకుడూ పాఠంగా చదువుకోవాలి.

దాని అర్థం ఏమిటంటే, ఇంకొక అభ్యర్థికి మాట ఇచ్చేసిన ఓటరు దగ్గరికి కూడా మీరు వెళ్లవచ్చు. “మీ ఒకటి ఆయనకే ఇవ్వండి, రెండు నాకు ఇవ్వండి” అని అడిగే మర్యాద ఈ ఎన్నికలో ఒక్కదానిలోనే ఉంది. అలా అడగాలంటే ఆ అభ్యర్థిని మీరు తూలనాడి ఉండకూడదు. తొలిసారి నిలబడిన స్వతంత్రులు చాలామంది తమ ఓటర్లకు ఒక్క అంకె వేసి వదిలేయమని చెబుతారు, పక్క అభ్యర్థులతో సఖ్యత పెంచుకోరు, చివరకు మధ్య రౌండ్లలోనే తప్పుకుంటారు. చెల్లని ఓట్ల సంగతి కూడా చెప్పాలి: డిగ్రీ చదివినవారే టిక్కు పెట్టి, సంతకం చేసి, “ఒకటి” అని అక్షరాల్లో రాసి ఓటును పాడుచేసుకుంటున్నారు. మీరు అధ్యాపకులు, మీ కరపత్రంలో సగం భాగాన్ని ఓటు వేసే విధానం బోధించడానికి కేటాయిస్తే ఆ మేలు మీకొక్కరికే కాదు, అందరికీ దక్కుతుంది.

శాసనసభ సంగతికి వస్తే, వయసు అక్కడ 25, మండలికి 30. శాసనసభ అభ్యర్థి ఖర్చుకు మన రాష్ట్రంలో 40 లక్షల రూపాయల పరిమితి ఉంది, లెక్కలు ఒప్పజెప్పాలి. మండలి ఎన్నికకు ఆ పరిమితే లేదు. చదువుకున్నవారి ఎన్నికలో డబ్బుకు పగ్గాలు వేసే నిబంధన లేకపోవడం నాకు మింగుడుపడని విషయం. పట్టభద్రుల స్థానంలో ఓటర్లు 3 లక్షలకు పైగా ఉంటారు, కనుక అది కొలతలో చిన్న లోక్‌సభ ఎన్నికకు తగ్గదు. అయినా నా సలహా మండలికే నిలబడమని. శాసనసభకు మీరు పాతికేళ్లుగా ఊళ్లో ఉన్న కుటుంబాలతో, గుర్తుతో, పార్టీ యంత్రాంగంతో పోటీ పడాలి. మండలిలో మీ దగ్గర చదువుకున్న పిల్లలే ఈనాటి ఓటర్లు. వారి చిరునామాలు మీ కళాశాల పాత రిజిస్టర్లలో ఉన్నాయి. ఒక హెచ్చరిక మాత్రం మరవకండి: స్వతంత్రుడిగా గెలిచిన తర్వాత ఏదైనా పార్టీలో చేరితే ఫిరాయింపుల చట్టం కింద సభ్యత్వం పోతుంది. ఎవరి పక్షం ఉండదలచుకున్నారో నిలబడేముందే తేల్చుకోండి, ఓటరుకూ చెప్పండి.

ప్రశ్న: నేను ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని. పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్నా ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికలో నాకు ఓటు లేదంటున్నారు. నేను ఉపాధ్యాయురాలిని కానా?
— ఒక ఉపాధ్యాయురాలు, ఆదోని

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలోని ఆవేదన సమంజసం. రాజ్యాంగం 171వ అధికరణం మండలిలో పన్నెండో వంతు స్థానాలను ఉపాధ్యాయులకు కేటాయిస్తూ, ఉన్నత పాఠశాల స్థాయికి తగ్గని సంస్థల్లో బోధించేవారే ఓటర్లని పరిమితి పెట్టింది. మన మండలిలో 58 స్థానాలుంటే ఉపాధ్యాయులవి 5, పట్టభద్రులవి 5. పిల్లలకు మొదటి అక్షరం దిద్దించే మీకు అందులో చోటు లేదు. ఇది పార్లమెంటు చట్టం చేస్తే తప్ప మారేది కాదు. ఒంటి ఉపాధ్యాయుడు ఐదు తరగతులను నెట్టుకొచ్చే బడులు మన ఆదోని, ఆలూరు ప్రాంతాల్లో ఉండగా, వాటి గురించి మాట్లాడవలసిన సభ్యుణ్ణి ఎన్నుకునే హక్కు ఆ ఉపాధ్యాయుడికే లేకపోవడం అన్యాయమని నేను నిస్సంకోచంగా అంటాను.

విచిత్రమేమంటే, ఓటు లేని మీరు అదే స్థానానికి అభ్యర్థి కాగలరు. నియోజకవర్గం ఓటరు అయి ఉండాలన్న నియమం అభ్యర్థికి లేదు. రాష్ట్రంలో ఎక్కడైనా శాసనసభ ఓటరుగా ఉండి, ముప్పై ఏళ్లు నిండితే చాలు. మద్రాసు పట్టభద్రుల స్థానం నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో, అభ్యర్థి పట్టభద్రుడే కానవసరం లేదని 1972లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే పైన తాడిపత్రి మిత్రునికి చెప్పిన ఉద్యోగ నిబంధన మీకూ వర్తిస్తుంది.

ఓటు విషయంలో మీకున్న దారి పట్టభద్రుల జాబితా. మీరు డిగ్రీ పూర్తిచేసి మూడేళ్లు దాటి ఉంటే ఫారం 18 నింపవచ్చు. అందుకు బోధనతో నిమిత్తం లేదు. ఆ జాబితా కూడా కొత్తగానే తయారవుతుంది కనుక డిగ్రీ పట్టా లేదా ప్రొవిజనల్ సర్టిఫికెట్ నకలు, నివాస రుజువు ఇప్పటినుంచే ఒక కవరులో పెట్టి ఉంచండి. మీ మండలంలోని ఎస్జీటీలందరూ ఆ పని చేస్తే, ఓట్లడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థీ ప్రాథమిక పాఠశాల గుమ్మం తొక్కక తప్పదు. అప్పుడు ఆయనను కూర్చోబెట్టి, మీకు ఉపాధ్యాయులుగా ఓటు కల్పించే చట్టం కోసం మండలిలో మాట్లాడతారా లేదా అని సూటిగా అడిగి, ఆయన జవాబును తేదీతో సహా మీ డైరీలో రాసుకోండి.