థెరపీ సెంటర్‌లో బుద్ధిగా ఉంటాడు.. ఇంటికొస్తే తల గోడకేసి బాదుకుంటాడు!

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. మూడేళ్లప్పుడు ఆటిజం అని చెప్పారు. నాలుగైదు మాటలు తప్ప రావు. వారానికి మూడు రోజులు థెరపీ సెంటర్‌కు తీసుకెళ్తున్నాం. అక్కడ కుదురుగా కూర్చుంటాడు, చెప్పింది చేస్తాడు. ఇంటికొచ్చాక ఫోన్ ఇవ్వకపోతే తల గోడకేసి కొట్టుకుంటాడు. పళ్లు తోమించడం రోజూ యుద్ధమే. మా అత్తగారు ‘నాలుగు తగిలిస్తే దారికొస్తాడు, నీ గారాబమే చెడగొట్టింది’ అంటున్నారు. ఏబీఏ థెరపీ వారానికి 40 గంటలు చేయిస్తేనే ఫలితం ఉంటుందని ఎవరో చెప్పారు. అంత స్తోమత మాకు లేదు. ఇంట్లో మేమే చేసుకోగలిగింది ఏమైనా ఉందా?
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: ఉంది. చాలానే ఉంది. కాకపోతే దానికంటే ముందు బాబును ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపించండి. మాటలు రాని పిల్లాడికి చెవిపోటు వచ్చినా, పన్ను పుచ్చినా, మూడు రోజులుగా విరేచనం కాకపోయినా చెప్పుకునే దారి లేదు. తల బాదుకోవడం ఈమధ్యే మొదలైనా, ఉన్నట్టుండి ఎక్కువైనా చెవులు, పళ్లు, పొట్ట తప్పకుండా పరీక్ష చేయించాలి. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నాడో కూడా చెప్పండి. నొప్పితో ఏడుస్తున్న పిల్లాడి మీద ప్రవర్తన పాఠాలు ప్రయోగించడం అన్యాయం. తలకు దెబ్బ తగిలాక వాంతులైనా, మత్తుగా పడుకుండిపోయినా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

నొప్పి ఏమీ లేదని తేలిందనుకుందాం. ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. సెంటర్‌లో ఉన్నది, ఇంటికొచ్చింది ఒకే పిల్లాడు. మారింది చుట్టూ ఉన్న పరిస్థితి. అక్కడ ఫోన్ కనపడదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని మధ్యలో లేచి వెళ్లిపోయే అమ్మ ఉండదు. ఒక మాట చెబితే దాని తర్వాత ఏం జరుగుతుందో వాడికి ముందే తెలుసు. అందుకే సెంటర్‌లో నేర్చుకున్నది తనంతట తానే ఇంటికి నడిచి రాదు. ఇంట్లో, ఇంటి మనుషులతో, ఇంటి వస్తువులతో మళ్లీ నేర్పాల్సిందే. దీనికి మీ బాబునూ నిందించకండి, మిమ్మల్ని మీరూ నిందించుకోకండి.

మీరడిగిన ఏబీఏ అంటే అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్.. పేరు చూస్తే భయమేస్తుంది గానీ లోపలున్న సూత్రం చిన్నదే. ఏ పని చేస్తే మనకు కావలసింది దొరుకుతుందో ఆ పని మళ్లీ చేస్తాం. ‘ఎలా మాన్పించాలి’ అనే ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టి, ‘ఇలా చేస్తే వీడికి ఏం దొరుకుతోంది’ అని అడగడమే ఇందులో సగం పని.

అది తెలియాలంటే ఒక వారం రాయండి. నోటుపుస్తకంలో పేజీకి మూడు గడులు గీయండి. ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం. టైమ్ కూడా వేయండి. ‘మొండికేశాడు’, ‘కోపమొచ్చింది’ అని రాయొద్దు. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది మాత్రమే రాయాలి. నా దగ్గరికొచ్చే ఒక కుటుంబంలో ఈ పని తాతగారు పెట్టుకున్నారు. పాల లెక్క రాసే పుస్తకం వెనక పేజీల్లో ఆయన రాసింది ఇలా ఉంది: ‘సా. 6.40. కుక్కర్ రెండో విజిల్. చెవులు మూసుకున్నాడు. తల బాదుకున్నాడు. కోడలు హాల్లోకి ఎత్తుకొచ్చింది. ఊరుకున్నాడు.’ అలాంటివే ఐదారు పేజీలు. అన్నాళ్లూ ఇంటిల్లిపాదీ దాన్ని సాయంత్రం పూట మొండితనం అనుకున్నారు! కుక్కర్ పెట్టే టైమ్‌కు తాతగారు మనవణ్ని మేడ మీదకు తీసుకెళ్లడం మొదలుపెట్టాక సాయంత్రాలు చాలావరకు నెమ్మదించాయి. దానికి ఏ థెరపిస్టూ అవసరం పడలేదు.

మామూలుగా పిల్లలు ఇలా చేయడం వెనక కావలసిన వస్తువు ఉంటుంది, లేదా మన చూపు తన వైపు తిరగాలన్న కోరిక ఉంటుంది, లేదా ఇష్టం లేని పని తప్పించుకోవడం ఉంటుంది. కొన్నిసార్లు ఇవేవీ కాదు, ఆ ఊగడంలోనో, చప్పుడులోనో వాడి ఒంటికి ఏదో హాయి ఉంటుంది. పైకి ఒకేలా కనిపించినా కారణాన్ని బట్టి పరిష్కారం మారుతుంది. తప్పించుకోవడానికి ఏడ్చే పిల్లాణ్ని ‘వెళ్లి ఆ గదిలో కూర్చో’ అని పంపితే, కోరుకున్నది మీ చేత్తో ఇచ్చినట్టే.

మీరు రాసిందాన్ని బట్టి మీ ఇంట్లో ప్రధానంగా ఫోనే కారణంలా ఉంది. వారం రాశాక అది మీకే తేలుతుంది. అక్కడ జరిగేది ఒకసారి నెమ్మదిగా చూడండి. ఫోన్ తీసుకుంటారు. తల బాదుకుంటాడు. భయమేసి ఫోన్ ఇస్తారు. వెంటనే ఆగుతాడు. బాదుకుంటే ఫోన్ వస్తుందని వాడు నేర్చుకున్నాడు. ఫోన్ ఇస్తే నిశ్శబ్దం వస్తుందని మీరూ నేర్చుకున్నారు. మీలో ఎవరి తప్పూ లేదు, ఇద్దరూ ఒకరికొకరు పాఠం చెప్పుకున్నారు, అంతే.

ఇప్పుడు అదే ఫోన్‌కు ఇంకో తలుపు పెట్టాలి. మీ ఫోన్ ఫొటోను అరచేతిలో పట్టేంత ప్రింట్ తీయించి, లామినేషన్ చేయించి, వాడికి అందే ఎత్తులో గోడకు పెట్టండి. ఏడుపు లేని సమయంలో, నేర్పడానికని కూర్చోండి. మీరు ఫోన్ పట్టుకుని ఎదురుగా ఉండండి. వాళ్ల నాన్నో, నానమ్మో వెనక నుంచి వాడి చేతిని మెల్లగా కార్డు వైపు నడిపించి, అది మీ చేతిలో పెట్టించాలి. పెట్టీ పెట్టగానే ‘ఫోన్!’ అంటూ ఇచ్చేయండి. రెండు నిమిషాల తర్వాత మళ్లీ. మొదటి వారం కార్డు ఇచ్చిన ప్రతిసారీ ఫోన్ ఇవ్వాలి. ‘రోజంతా ఫోనేనా డాక్టర్ గారూ’ అంటారేమో. ఒక్కోసారి ఇచ్చేది ఒకటి రెండు నిమిషాలే. ముందు వాడికి అడగడం పని చేస్తుందన్న నమ్మకం కుదరాలి. ఆ తర్వాతే ‘ఆగు’ నేర్పడం. కార్డు తీసుకుని ఐదు అంకెలు లెక్కపెట్టి ఇవ్వండి, కొన్నాళ్లకు పది, ఆ తర్వాత ఒక నిమిషం. బొమ్మలు అలవాటైతే మాటలు రావేమో అన్న భయం వద్దు. కార్డులు వాడటం మాటకు అడ్డం కాదు.

కార్డు ఉండి కూడా మళ్లీ బాదుకుంటే? పట్టించుకోకుండా వదిలేయండని కొందరు చెబుతారు. తల విషయంలో ఆ సలహా నేను ఇవ్వను. గోడకూ తలకూ మధ్య దిండు పెట్టండి, లేదా మీ చెయ్యి అడ్డం పెట్టండి. మాట్లాడకండి, తిట్టకండి, ఫోన్ మాత్రం ఆ క్షణంలో ఇవ్వకండి. కాస్త నెమ్మదించగానే కార్డు చూపించి, అడిగించి, ఇవ్వండి. మొదటి నాలుగైదు రోజులు గొడవ తగ్గకపోగా పెరగొచ్చు. స్విచ్ వేస్తే లైటు వెలగకపోతే మనమేం చేస్తాం? టకటకా నాలుగుసార్లు నొక్కి చూస్తాం. వాడూ అంతే. ఇక్కడ తొమ్మిదిసార్లు గట్టిగా నిలబడి పదోసారి విసిగి ఇచ్చేస్తే మాత్రం అసలు మొదలుపెట్టకపోవడమే నయం. ఎప్పుడో ఒకసారి తగిలే లాటరీ టికెట్టే మనిషిని వదలదు. దెబ్బలు గట్టిగా తగిలేలా కొట్టుకుంటున్నా, కంటి దగ్గర కొట్టుకుంటున్నా ఇది ఇంట్లో ఒంటరిగా చేసే పని కాదు. నిపుణుల పర్యవేక్షణలోనే చేయాలి. ఆటిజానికి మందు లేకపోయినా, తనను తాను తీవ్రంగా గాయపరచుకునే పిల్లలకు కొన్నిసార్లు మందులు వాడాల్సి వస్తుంది.

పళ్లు తోమడం దగ్గర లెక్క వేరు. అక్కడ వాడు తప్పించుకోవాలనుకుంటున్నాడు, బహుశా ఆ నురగ, ఆ ఘాటు నిజంగానే భరించలేకపోతున్నాడు. పేస్టు పక్కన పెట్టి తడి బ్రష్‌తో మొదలుపెట్టండి. మొదటి రెండు రోజులు బ్రష్ పెదవికి తాకితే చాలు, పని అయిపోయినట్టే. తర్వాత ముందు పళ్ల మీద మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు. వాడు నోరు తిప్పేయకముందే మీరే ఆపేయండి. నిక్కరు తొడుక్కోవడం లాంటివి చివరి నుంచి నేర్పితే సులువు. మోకాళ్ల దాకా మీరు లాగి, నడుము దాకా వాణ్ని లాగనివ్వండి. అది వచ్చాక మోకాళ్ల కింద నుంచి. ప్రతిసారీ పని పూర్తి చేసింది వాడే అవుతాడు కాబట్టి మధ్యలో విసుగు రాదు.

‘ముందు బ్రష్, తర్వాత ఫోన్’ అని రెండు బొమ్మలు పక్కపక్కన అతికించి చూపించవచ్చు. ఇది లంచం కదా అని మీ అత్తగారు అడగొచ్చు. ఏడుపు మొదలయ్యాక నోరు మూయించడానికి ఇచ్చేది లంచం. పనికి ముందే చెప్పి, పని అయ్యాక ఇచ్చేది జీతం. ఒకటో తారీఖున అది మనమూ తీసుకుంటాం.

ఇక నాలుగు తగిలించడం గురించి. పెద్దావిడ అనుభవంతో, మనవడి మీద ప్రేమతోనే అంటున్నారు. కొట్టగానే పిల్లాడు ఆ నిమిషానికి ఆగుతాడు, అదే మోసం. ఆ ఆగడం కొట్టినవాళ్లకు బహుమతి, అందుకే కొట్టడం అలవాటవుతుంది. పిల్లాడికి మాత్రం ఫోన్ ఎలా అడగాలో ఆ దెబ్బ నేర్పదు. భయం నేర్పుతుంది. ఇంకొన్నేళ్లకు మీ భుజం దాకా ఎదిగి తిరిగి కొట్టడమూ నేర్పుతుంది. అత్తగారితో వాదన పెట్టుకోకండి. కార్డు ఆవిడ చేతికి ఇచ్చి, అడిగితే ఇచ్చే పని ఆవిడకే అప్పగించండి. మనవడు తన దగ్గరికొచ్చి కార్డు చేతిలో పెట్టి నిలబడితే నానమ్మ ఎటువైపు ఉంటారో చూడండి.

40 గంటల మాటకొస్తే, అది ఎక్కువగా అమెరికాలో లోవాస్ అనే సైకాలజిస్టు 1987లో ప్రచురించిన అధ్యయనంతో ప్రచారంలోకి వచ్చింది. అందులో ఆ స్థాయి శిక్షణ పొందిన పిల్లలు 19 మందే. పైగా ఆ తొలినాళ్ల పద్ధతుల్లో పిల్లల్ని కొట్టడం కూడా ఉండేది. ఆటిజంతో పెరిగి పెద్దవాళ్లయినవారు చాలామంది ఈ థెరపీ పేరెత్తితే మండిపడటానికి కారణం ఉంది. వాళ్ల మాట వినాలి. చేతులు ఆడించడం, గుండ్రంగా తిరగడం లాంటివి ఎవరికీ హాని చేయవు, వాటిని మాన్పించే పని పెట్టుకోకండి. కళ్లలోకి చూడమని గడ్డం పట్టి తిప్పకండి. థెరపిస్టు అలా చేస్తున్నా, తలుపు వేసి మిమ్మల్ని లోపలికి రానివ్వకపోయినా నిలదీయండి. స్పెషల్ ఎడ్యుకేటర్లకు, క్లినికల్ సైకాలజిస్టులకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది. అడిగితే చూపించాలి.

ఇప్పుడు వెళ్తున్న సెంటర్‌లో ఒక గంట తగ్గించుకునైనా, నెలకు రెండుసార్లు ఆ గంట మీకు నేర్పమనండి. బాబుకు స్నానం, భోజనం ఎలా చేయిస్తున్నారో వీడియో చూపించి, ఎక్కడ మార్చుకోవాలో చెప్పించుకోండి. ఒకసారికి ఒక్క అలవాటే పట్టుకోండి. ఇల్లంతా థెరపీ సెంటర్ చేయొద్దు. రోజులో కొంతసేపు ఏమీ నేర్పకుండా వాడితో ఊరికే కూర్చోవాలి. ఆదివారం పూట రెండు గంటలు వాళ్ల నాన్నకు అప్పగించి మీరు నిద్రపోండి. అలసిపోయిన మనిషే పదోసారి ఫోన్ ఇచ్చేస్తుంది.

ఖర్చు భారమైతే, ప్రభుత్వ ఆధ్వర్యంలో జిల్లా స్థాయిలో నడిచే సత్వర చికిత్స కేంద్రంలో, అంటే డైక్‌లో అడగండి. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో పరీక్షలు చేయడంతో పాటు తల్లిదండ్రులకు శిక్షణ కూడా ఇస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి యూడీఐడీ కార్డుకు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేసుకోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థే అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా పథకం లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చుకు కూడా అందులో కొంత వీలుంది.

ఎక్కడికి వెళ్లినా ఆ మూడు గడుల నోటుపుస్తకం పట్టుకెళ్లండి. బాబు అక్కడ కుదురుగా కూర్చుని, ‘ఇంత బాగున్నాడు కదమ్మా’ అని ఎవరైనా అంటే, మాట్లాడకుండా దాన్ని వాళ్ల ముందు తెరిచి పెట్టండి.