రక్తంలో బ్యాక్టీరియాను డీఎన్‌ఏతో గుర్తుపట్టే పని: మా అమ్మాయిని ఈ దారిలో పంపవచ్చా?

ప్రశ్న: మాది హిందూపురం. ఉద్యోగరీత్యా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాది చదువుతోంది. నిరుడు మా అమ్మ సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి తెచ్చే స్థితి) ఐసీయూలో ఉన్నప్పుడు బ్లడ్ కల్చర్‌లో ఏమీ పెరగలేదు. డీఎన్‌ఏ సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాలను వరుసగా చదవడం) చేస్తే తెలుస్తుందేమో అన్నారు డాక్టర్లు. అమ్మ కోలుకుంది గానీ, అప్పటి నుంచి అమ్మాయి ఆ పనే నేర్చుకుంటానని పట్టుబట్టింది. మా బావమరిదేమో ‘అది ల్యాబ్ టెక్నీషియన్ పని, హాయిగా కోడింగ్‌లో చేర్పించు’ అంటున్నాడు. ఒక ప్రైవేటు సంస్థ ఆరు నెలల సీక్వెన్సింగ్ కోర్సుకు లక్షన్నర అడుగుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ లక్షన్నర సంగతి. ఇప్పుడే కట్టకండి. ఎందుకో చెప్పాలంటే ఈ పనిలో కష్టం ఎక్కడుందో మీకు తెలియాలి.

సెప్సిస్ అనుమానం రాగానే పెద్దవాళ్లకైతే సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీసి కల్చర్ మెషిన్‌లో పెడతారు. లోపల బ్యాక్టీరియా పెరిగితే మెషిన్ కూత పెడుతుంది. చాలా రకాలు 12 నుంచి 48 గంటల్లో బయటపడతాయి. సాధారణంగా 5 రోజులు చూసి, ఏమీ రాకపోతే నెగెటివ్ అని రాస్తారు. కూత వినపడ్డాక కూడా గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడటం) చేయాలి, ప్లేటు మీద మళ్లీ పెంచాలి, పేరు తేల్చాలి, ఏ మందుకు లొంగుతుందో చూడాలి. అంతా తేలేసరికి ఇంకో రోజో రెండు రోజులో. ఈలోగా డాక్టరు అంచనా మీదే మందులు నడిపిస్తుంటారు. పైగా మనవాళ్లు పెద్దాసుపత్రికి వచ్చేలోపే వీధి చివరి క్లినిక్‌లో ఒక యాంటీబయాటిక్ పడిపోయి ఉంటుంది. అలాంటప్పుడు సీసాలో ఏమీ పెరగకపోవడం మామూలే.

డీఎన్‌ఏ చదవడానికి బ్యాక్టీరియా బతికి ఉండనక్కర్లేదు. ప్రతి బ్యాక్టీరియాలోనూ 16ఎస్ అనే జీన్ ఉంటుంది, పొడవు సుమారు 1,500 అక్షరాలు. అందులో కొన్ని భాగాలు రకాన్ని బట్టి మారతాయి కాబట్టి వాటిని చదివి ఏ జాతో చెబుతారు. రెండో పద్ధతిలో నమూనాలో ఉన్న డీఎన్‌ఏ మొత్తాన్ని చదివేసి, అందులో బ్యాక్టీరియాది ఏదో కంప్యూటర్‌లో ఏరుతారు. అరచేతిలో పట్టే నానోపోర్ మెషిన్‌ను లాప్‌టాప్‌కు తగిలించి చదివే రోజులివి.

వినడానికి సులువుగానే ఉంది కదా? రక్తం దగ్గరికొచ్చేసరికి చుక్కలు చూపిస్తుంది. ఒక మిల్లీలీటరు రక్తంలో బ్యాక్టీరియా చాలాసార్లు పదికి లోపే, ఒక్కోసారి ఒక్కటి కూడా ఉండదు. తెల్లకణాలు మాత్రం లక్షల్లో ఉంటాయి. ఒక్కో కణంలో దాదాపు 600 కోట్ల అక్షరాల మనిషి డీఎన్‌ఏ. ఈ.కోలై అనే బ్యాక్టీరియా జీనోమ్, అంటే దాని పూర్తి డీఎన్‌ఏ, 50 లక్షల అక్షరాలకు అటూ ఇటూ. అంటే మెషిన్ చదివినదాంట్లో నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు పైగా రోగి సొంత డీఎన్‌ఏయే కావచ్చు. అందుకే ముందు మనిషి డీఎన్‌ఏను తగ్గించే పద్ధతులు వాడతారు, లేదా పాజిటివ్ వచ్చిన కల్చర్ సీసా నుంచే తీసి చదువుతారు.

ఇంకో చిక్కుంది. డీఎన్‌ఏ తీయడానికి వాడే కిట్‌లోనూ, సూది గుచ్చిన చర్మం మీదా బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఉంటుంది. స్క్రీన్ మీద ‘క్యూటిబ్యాక్టీరియం యాక్నెస్’ అని, మామూలుగా చర్మం మీద ఉండే బ్యాక్టీరియా పేరు వచ్చిందనుకోండి. అది రోగి రక్తంలోదా, చర్మం మీది నుంచి వచ్చి పడిందా? రోగి నమూనాతో పాటు రక్తమే వేయని ఖాళీ ట్యూబును కూడా మొదటి నుంచి చివరిదాకా నడిపించి, అందులో ఏం వచ్చిందో పక్కన పెట్టి చూడాలి. రోగికి కృత్రిమ గుండె కవాటం ఉందా (ఉంటే ఇది నిజమైన ఇన్ఫెక్షనే కావచ్చు), రెండో సీసాలోనూ ఇదే వచ్చిందా అని అడగాలి. మెషిన్ నడపడం ఏటికేడాది సులువవుతోంది. ఈ అనుమానం రావడం మాత్రం కల్చర్ బెంచి మీద కొన్నాళ్లు కూర్చుంటేనే అబ్బుతుంది, ఆరు నెలల కోర్సులో అబ్బదు.

ఒక ఉదాహరణ చెబుతాను, మీ అమ్మాయికి వినిపించండి. ఉడుపి, మణిపాల్ వైపు వానాకాలంలో మెలియాయిడోసిస్ కేసులు కనిపిస్తాయి. మట్టిలో ఉండే బర్ఖోల్డేరియా సూడోమల్లై దీనికి కారణం, షుగర్ ఉన్నవాళ్లకు ముప్పెక్కువ. కల్చర్‌లో పెరిగినా తెలియనివాళ్లు సూడోమోనాస్ అనే వేరే బ్యాక్టీరియా అనుకుని వదిలేస్తారు. రెండింటికీ వైద్యం వేరు. దీనికి ఇంజెక్షన్లు అయ్యాక కూడా నెలల తరబడి మాత్రలు వాడాలి. సరే, 16ఎస్ చదివితే తేలిపోతుందా అంటే, దీనికీ దీని దగ్గరి చుట్టం బర్ఖోల్డేరియా మల్లైకీ ఆ జీన్‌లో తేడా దాదాపు లేదు. ఈ.కోలై, షిగెల్లా అనే బ్యాక్టీరియాల విషయంలోనూ ఇదే తంటా. ఎక్కడ 16ఎస్ చాలదో, ఎక్కడ మొత్తం జీనోమ్ చదవాలో తెలిసినవాళ్లే ఈ పనికి కావాలి.

మందుల సంగతీ అంతే. మందులను తట్టుకునే ఎన్‌డీఎమ్ అనే జీన్ కనబడితే మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ పనిచేయకపోవచ్చని ముందుగానే హెచ్చరించవచ్చు. జీన్ కనబడలేదు కాబట్టి మందు పనిచేస్తుందని మాత్రం చెప్పలేం. కాబట్టి కల్చర్ ఎక్కడికీ పోదు, అది తెలిసినవాళ్లకు గిరాకీ కూడా పోదు.

ఇక మీ బావమరిది మాట. కంప్యూటర్ పని నేర్చుకోవాలన్నంత వరకు ఆయన చెప్పింది నిజమే. లినక్స్, పైథాన్, కొంచెం ‘ఆర్’ అనే ప్రోగ్రామింగ్ భాష రావాలి. వెబ్‌సైట్లు తయారుచేసే కోర్సు దీనికి పనికిరాదు.

ఎమ్మెస్సీకి మూడు దారులున్నాయి. జీవశాస్త్రం వైపు గ్యాట్-బి, జామ్, సీయూఈటీ-పీజీ అనే ప్రవేశ పరీక్షలు రాసి బయోటెక్నాలజీ లేదా మైక్రోబయాలజీ సీటు తెచ్చుకోవచ్చు. డేటా వైపే మనసుంటే ఎలక్ట్రానిక్ సిటీలోని ఐబ్యాబ్ అనే సంస్థ చూడండి, బయోఇన్ఫర్మేటిక్స్‌కు (జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించడం) మంచి పేరుంది. మెడికల్ కాలేజీల్లో నడిచే ఎమ్మెస్సీ మెడికల్ మైక్రోబయాలజీ మూడోది, చాలాచోట్ల 3 ఏళ్లు. మీ అమ్మాయికి ఆసుపత్రి పని మీదే మనసుంది కాబట్టి నేనైతే మూడోదానికే ఓటేస్తాను. రోజూ రోగుల నమూనాలు చేతికొస్తాయి. కోడింగ్ సాయంత్రాలు ఇంట్లో నేర్చుకోవచ్చు, రక్తం సీసాలు ఇంటికి తెచ్చుకోలేం కదా.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. ఆసుపత్రిలో రిపోర్టు చూసి ‘ఈ మందు ఆపండి, ఆ మందు మొదలుపెట్టండి’ అని వార్డుకు సలహా ఇచ్చేది ఎంబీబీఎస్, ఆపైన ఎండీ మైక్రోబయాలజీ చేసినవాళ్లు. ఎమ్మెస్సీతో అమ్మాయి వాళ్ల పక్కన ఉండి పనిచేస్తుంది, వాళ్ల కుర్చీలో కాదు. ఈ సంగతి ఇప్పుడే కూర్చోబెట్టి మాట్లాడండి. నాలుగేళ్ల తర్వాత తెలిసి బాధపడేవాళ్లను చాలామందిని చూశాను.

జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్‌తో పోటీపడదు, ఆ విషయంలో టెన్షన్ పడటం సహజమే. ల్యాబ్ ఉద్యోగాలు మెల్లగా పెరుగుతాయి. నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, అర్హతను బట్టి ఇంటి అద్దె అదనం. బెంగళూరులో ఉండటం మాత్రం మీకు కలిసొచ్చే విషయం. స్ట్రాండ్, మెడ్‌జీనోమ్ లాంటి సంస్థల్లో ప్రధానంగా జన్యు వ్యాధులు, క్యాన్సర్ పనే అయినా సీక్వెన్సింగ్ క్రమశిక్షణ అక్కడ బాగా అబ్బుతుంది. మందులకు లొంగని బ్యాక్టీరియా జీనోమ్‌ల మీద కెంపేగౌడ మెడికల్ కాలేజీ సెంట్రల్ రీసెర్చ్ ల్యాబ్‌లో పని జరిగింది. సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ, ఎన్‌సీబీఎస్, ఐఐఎస్‌సీ లాంటి పరిశోధన సంస్థలు ఎలాగూ ఉన్నాయి. చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు ఇప్పుడే మెయిళ్లు పెట్టమనండి. ‘సీక్వెన్సింగ్ నేర్చుకోవాలని ఉంది’ అని కాకుండా, ఆ ల్యాబ్ పేపరు ఒకటి చదివి దాని మీద ఒక ప్రశ్న అడుగుతూ రాయాలి.

ఈలోగా ఖర్చు లేని పరీక్ష ఒకటి. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌సీబీఐ వారి ఎస్‌ఆర్‌ఏ అనే ఆన్‌లైన్ భాండారంలో సీక్వెన్సింగ్ ఫైళ్లు ఉచితంగా దొరుకుతాయి. రోగి రక్తం నుంచి వేరుచేసిన క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఫైలు ఒకటి దించుకోమనండి. తెరిస్తే నాలుగేసి వరుసలుంటాయి: మొదట పేరు, తర్వాత ఏ, టీ, జీ, సీ అక్షరాలు, మూడోదాంట్లో ప్లస్ గుర్తు, నాలుగోదాంట్లో ఏవో పిచ్చి గుర్తులు. ఆ గుర్తులే ఒక్కో అక్షరాన్ని ఎంతవరకు నమ్మాలో చెబుతాయి. గెలాక్సీ అనే ఉచిత వెబ్‌సైట్‌లో దాని నాణ్యత చూసి, క్రాకెన్ అనే సాఫ్ట్‌వేర్‌తో జాతి తేల్చి, మందులను తట్టుకునే జీన్లు వెతికి, ఒక డాక్టరుకు అర్థమయ్యేలా అర పేజీ రిపోర్టు రాయాలి. ఏది ఖాయంగా చెప్పలేమో కూడా అందులో ఉండాలి. ఈ పని విసుగనిపించకపోతే మెడికల్ మైక్రోబయాలజీ ప్రవేశాల తేదీలు చూడటం మొదలుపెట్టండి. మొదటి రెండు రోజులకే పక్కన పడేస్తే గ్యాట్-బి రాయించండి, ఆ దారిలో ఇంకా చాలా పనులున్నాయి.