ట్రక్కు లాగుతుంది సరే, మోయగలదా?

ప్రశ్న: మా పికప్ ట్రక్కు మీద అప్పు ఇంకో రెండేళ్లలో తీరిపోతుంది. మేమిద్దరం, పదకొండేళ్ల పాప, ఏడేళ్ల బాబు. ఏడాదికి పదిహేను, ఇరవై రాత్రులు క్యాంపింగ్‌కు వెళ్తాం. టెంటుతో విసిగిపోయి, బంక్ బెడ్లు, బాత్రూం ఉన్న కొత్త ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఒకటి చూశాం. ఖాళీ బరువు 2,700 కిలోలు, గరిష్ఠ బరువు 3,400 కిలోలు. మా ట్రక్కు 4,000 కిలోల దాకా లాగగలదు కాబట్టి ఇబ్బందే లేదన్నాడు సేల్స్‌మన్. డౌన్ పేమెంట్ అక్కర్లేదట, 9 శాతం వడ్డీకి 12 ఏళ్ల అప్పు ఇస్తారట. నెల వాయిదా మాకు భారం కాదు. అయినా వడ్డీ తగ్గించుకోవడానికి అత్యవసర నిధిలోంచి కొంత తీసి ముందే కట్టమంటారా? అన్నట్టు, డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద 640 కిలోలని ఉంది. అదేమిటి?

జవాబు: మీరు చివర్లో మాటవరసకు అడిగిన ఆ 640 దగ్గరే మొదలుపెడతానండీ. మీ డబ్బు ఎటు పోతుందో వడ్డీ శాతం కన్నా ముందు తేల్చేది ఆ అంకే.

ట్రక్కుకు లాగే శక్తి వేరు, మోసే శక్తి వేరు. 4,000 అనేది లాగేది. 640 అనేది మోసేది, అంటే పేలోడ్. డ్రైవర్‌తో సహా లోపల కూర్చున్న మనుషులు, వెనక వేసిన సామాను, ట్రైలర్ ముక్కు హిచ్ మీద (ట్రైలర్‌ను ట్రక్కు వెనక తగిలించే అమరిక మీద) మోపే బరువు అన్నీ కలిపి 640 కిలోలు దాటకూడదు. ట్రావెల్ ట్రైలర్ తన మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాకా ట్రక్కు మీద వాలుస్తుంది. అంతకన్నా తక్కువ వాలితే ఇంకా ప్రమాదం, వేగంగా వెళ్లేటప్పుడు తోక ఊగినట్టు అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి సామానంతా ట్రైలర్ వెనక్కి సర్దేసి ముక్కు బరువు తగ్గించుకుందామన్న ఉపాయం పనికిరాదు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. 3,400 కిలోల్లో 13 శాతం అంటే 442. బరువును సర్దే హిచ్‌కు ఒక 40. మీ నలుగురికీ కలిపి 210 అనుకుందాం. మొత్తం 692. ట్రక్కు వెనక ఇంకా ఒక్క కుర్చీ వేయలేదు, ఐసు పెట్టె ఎక్కించలేదు, అప్పుడే 52 కిలోలు ఎక్కువైంది. లాగే అంకె ప్రకారమేమో ఇంకా 600 కిలోల వెసులుబాటు ఉన్నట్టు కనిపిస్తోంది! సేల్స్‌మన్ అబద్ధం చెప్పలేదు, తన సరుకుకు పనికొచ్చే అంకె ఒక్కటే చెప్పాడు.

లాగే శక్తి అంకెను చాలా కంపెనీలు వాహన ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన జె2807 అనే ప్రమాణం ప్రకారం తేలుస్తాయి. అమెరికాలో అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గర దాదాపు 18 కిలోమీటర్ల ఎత్తుదారి మీద, ఏసీ వేసి ఎక్కించే పరీక్ష అందులో ఒకటి. గట్టి పరీక్షే. కాకపోతే ట్రక్కులో ఇద్దరే ఉంటారని, ఒక్కొక్కరు 68 కిలోలని, హిచ్ సరంజామా తప్ప పెద్దగా సామాను లేదని ఆ లెక్క అనుకుంటుంది. మీ పిల్లలు ఆ 4,000లో లేరు.

"బరువు సర్దే హిచ్ ఉంది కదా, అది చూసుకుంటుంది" అని కూడా అంటారు. ఆ హిచ్ ట్రక్కు వెనక ఇరుసు మీద పడే బరువులో కొంత ముందు ఇరుసుకూ, ట్రైలర్ ఇరుసులకూ పంచుతుంది. బండి నిలకడగా నడుస్తుంది, మంచిదే. కానీ స్టిక్కర్ మీది 640ని అది 700 చేయదు.

ఖాళీ బరువు 2,700తో లెక్క వేయకూడదా అంటారేమో. ఖాళీ ట్రైలర్‌తో ఎవరూ క్యాంపింగ్‌కు వెళ్లరు. లీటరు నీళ్లంటే కిలో బరువు, 150 లీటర్ల ట్యాంకు నింపితే 150 కిలోలు. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీలు సాధారణంగా ముక్కు మీదే కూర్చుంటాయి. ఆ పైన పక్కలు, గిన్నెలు, కుర్చీలు, పిల్లల సైకిళ్లు. కొనేటప్పుడు గరిష్ఠ బరువుతోనే లెక్క వేయండి.

ఇదంతా డబ్బు సలహాల శీర్షికలో ఎందుకంటే, ఈ తప్పుకు పడే జరిమానా ట్రైలర్ ధర కాదు, ట్రక్కు ధర. మొదటి ఘాటు రోడ్డులో వెనక భాగం కుంగిపోయి, స్టీరింగ్ తేలిపోయి, బ్రేకుల వాసన వచ్చాక ఇంట్లో పుట్టే మాట ఒక్కటే: ఇంకా పెద్ద ట్రక్కు కొందాం. అప్పు తీరబోతున్న బండిని ఇచ్చేసి కొత్త అప్పు. కౌపీన సంరక్షణార్థం సంసారం పెట్టుకున్న సన్యాసి కథే ఇది. పైగా అధిక బరువుతో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ప్రశ్నలు మొదలవుతాయి.

కాబట్టి లెక్కను తిరగేయండి. 640లోంచి మనుషులకు 210, హిచ్‌కు 40, ట్రక్కులో వేసే సామానుకు 90 తీసేస్తే 300 మిగిలింది. అది 13 శాతం అయితే ట్రైలర్ బరువు దాదాపు 2,300 కిలోలు. అంటే గరిష్ఠ బరువు 2,300 లోపు ఉన్నవే మీరు చూడాల్సినవి. ఇద్దరు పిల్లలూ ఎదుగుతున్నారు కాబట్టి నేనైతే 2,100 దగ్గర ఆగుతాను. ట్రక్కు కొన్నాక వెనక మూతలాంటిదేదైనా బిగించి ఉంటే దాని బరువు కూడా 640లోంచే పోతుంది. ఒకసారి అందరూ ఎక్కి, మామూలుగా వేసుకునే సామానుతో లారీల కాటా మీద తూయించండి, ఊహ అక్కర్లేకుండా పోతుంది.

ఆ బరువులో నలుగురికీ చోటు ఉన్నవి దొరుకుతాయి. బంకులున్న చిన్న ట్రావెల్ ట్రైలర్లు ఉన్నాయి. మడిచే పాప్‌అప్ ట్రైలర్ తేలిక, ఎత్తు తక్కువ కాబట్టి గాలి తాకిడి తక్కువ, ఇంధనం ఆదా. కానీ గుడ్డ గోడలు, వాన పడ్డాక ఆరబెట్టుకునే పని ఉంటాయి. టెంటుతో విసిగినవారికి అది సగం టెంటే. కన్నీటి చుక్క ఆకారంలో ఉండే బుల్లి ట్రైలర్ టియర్‌డ్రాప్‌లో ఇద్దరే పడతారు. ముక్కు ట్రక్కు వెనక తొట్టిలోనే తగిలించే ఫిఫ్త్ వీల్ ట్రైలర్ జోలికి పోవద్దు, దాని బరువులో 20 శాతం పైగా ట్రక్కు మీదే కూర్చోవచ్చు. అచ్చుపోసిన రెండు ముక్కలు అతికించి చేసే ఫైబర్‌గ్లాస్ ట్రైలర్లలో అతుకులు తక్కువ, నీళ్లు కారే చోట్లూ తక్కువ. అందుకే పాతవైనా ధర నిలుపుకుంటాయి.

ఇక అప్పు సంగతి. మీరు చూసిన ట్రైలర్ ధర 100 అనుకుంటే, 9 శాతానికి 12 ఏళ్ల వాయిదా నెలకు 1.14 వస్తుంది. చిన్నదే. మొత్తం కట్టేది దాదాపు 164. మూడేళ్లు కట్టాక 41 మీ చేతిలోంచి పోయి ఉంటుంది, అసలు మాత్రం 16 తగ్గి ఇంకా 84 బాకీ ఉంటుంది. అప్పటికి ఆ ట్రైలర్ 70కి అమ్ముడుపోయిందనుకోండి, అమ్మడానికే మీరు 14 ఎదురు కట్టాలి. పాపకు అప్పుడు పద్నాలుగేళ్లు. వారాంతానికి మీతో అడవికొస్తుందో, స్నేహితులతో ఉంటానంటుందో ఇప్పుడే చెప్పలేం. పిల్లల ఇష్టాయిష్టాలు పన్నెండేళ్ల అప్పు కోసం ఆగవు. వాయిదా భారం కాదన్నారు, నిజమే కావచ్చు. పన్నెండేళ్లకు సాగదీస్తే ఏ వాయిదా అయినా తేలిగ్గానే కనిపిస్తుంది.

ఆ మూడేళ్లనే రాత్రుల లెక్కలో చూడండి. విలువ తరుగు ఏడాదికి 10, వడ్డీ సుమారు 8, ఇన్సూరెన్సు, నిలిపే చోటు అద్దె, మరమ్మతులు కలిపి 5 వేశాను. ఏడాదికి 23. ఇరవై రాత్రులు వెళ్తే ఒక్కో రాత్రికి ట్రైలర్ ధరలో ఒక శాతం పైనే. పదిహేనే వెళ్తే ఒకటిన్నర. క్యాంపు స్థలం రుసుము, అదనపు ఇంధనం ఇందులో లేవు. ఎత్తయిన ట్రైలర్‌ను లాగేటప్పుడు మైలేజీ మామూలులో సగానికి పడిపోవడం అరుదేమీ కాదు. ఇలాంటిదే అద్దెకు రాత్రికి ఎంత అడుగుతున్నారో కనుక్కుని ఈ అంకె పక్కన పెట్టి చూడండి.

పాతది కొంటే మొదటి యజమాని ఆ తరుగు భరించి ఉంటాడు. కానీ నీటి చెమ్మ కోసం చూడకుండా కొనకండి. మూలలు, కిటికీల కింద, బాత్రూం దగ్గర నేల అడుగు వేస్తే మెత్తగా దిగుతోందా, బయటి గోడ ఎక్కడైనా ఉబ్బిందా, మూసి ఉంచిన ట్రైలర్ తెరవగానే ముక్కవాసన వస్తోందా? వీటిలో ఏది ఉన్నా ధర ఎంత తగ్గించినా వద్దు. టైర్ల అరుగుదల చూసి మోసపోకండి, ట్రైలర్ టైర్లు అరగక ముందే ముసలివైపోతాయి. పక్కన ముద్రించిన తయారీ వారం, సంవత్సరం చూడండి. అయిదారేళ్లు దాటితే కొత్తవాటి ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. చక్రాల బేరింగులకు గ్రీజు, పైకప్పు అతుకులకు సీలెంట్ ఏటా ఉండే ఖర్చులు. మీ ట్రక్కుకు ట్రైలర్ బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలర్ లేకపోతే అది కూడా బడ్జెట్‌లో రాసుకోండి.

అత్యవసర నిధి ముట్టుకోవద్దు. రోడ్డు మీద ట్రైలర్ ఇరుసు విరిగినా, ఉద్యోగం పోయినా ఆదుకునేది అదే. ట్రక్కు అప్పు తీరేదాకా ట్రైలర్ కొనవద్దనే నా సలహా. ఈ రెండేళ్లూ ఆ 1.14 వాయిదాను ట్రైలర్ కొనేసినట్టే నెలనెలా వేరే ఖాతాలో వేయండి. గడువు ముగిసేసరికి ఆ పెద్ద ట్రైలర్ ధరలో 27 శాతం చేతిలో ఉంటుంది, ట్రక్కు వాయిదా కూడా ఖాళీ అవుతుంది. 2,100 కిలోల లోపు, నాలుగైదేళ్లు వాడినదానికి అది గట్టి డౌన్ పేమెంటే. మిగిలింది అప్పు చేయాల్సి వచ్చినా అయిదేళ్లకు మించనివ్వకండి. ఇదే 9 శాతానికి అయిదేళ్లలో 100కి 125 కడతారు, 164 కాదు. ఈలోగా రెండు మూడుసార్లు వేర్వేరు రకాలు అద్దెకు తీసుకోండి. ఒకసారి మీ ట్రక్కుతోనే లాగండి, ఇంకోసారి యజమానే తెచ్చి క్యాంపులో నిలిపేలా మాట్లాడుకోండి. ఆ రెండో పద్ధతే మీ ఇంట్లో అందరికీ నచ్చితే, ఖాతాలో పోగైన డబ్బును వేరే పనికి వాడుకోవచ్చు.