బేలర్‌కు ముందు ఎండ చూడండి: గడ్డి యంత్రాలపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాకు ఆరు ఎకరాల వరి, నాలుగు ముర్రా గేదెలు ఉన్నాయి. సార్వాలో (ఖరీఫ్‌లో) స్వర్ణ రకాన్ని చైన్ హార్వెస్టర్‌తో కోయించి, రెండో రోజు సాయంత్రమే బేలర్ పెట్టించి గడ్డిని కట్టలు కట్టించాము. సంక్రాంతి దాటాక విప్పి చూస్తే కట్టల లోపల బూజు పట్టి ఉంది, గేదెలు మూతి పెట్టడం లేదు. మిషన్‌లో లోపం లేదని బేలర్ యజమాని అంటున్నాడు. దాళ్వా (రబీ) గడ్డినైనా కాపాడుకునే దారి చెప్పగలరు.
– ఒక రైతు, పెనుమంట్ర మండలం

సమాధానం: బేలర్ యజమాని చెప్పిన మాట చాలావరకు నిజమే. ఇక్కడ తేడా వచ్చింది ఎండబెట్టడంలో. కూలీలు కోసిన రోజుల్లో పనలు మూడు నాలుగు రోజులు చేలోనే ఎండి, కుప్పకు చేరి, నూర్పిడి అయిన తరువాతే గడ్డి మేటుకు వెళ్లేది కాబట్టి, దాన్ని విడిగా ఎండబెట్టాలన్న ఆలోచనే ఎవరికీ అవసరం కాలేదు. కోత మిషన్ ఆ నాలుగు రోజుల పనినీ ఒక పూటలో ముగించి, కాండంలో పచ్చిదనం ఇంకా పోని గడ్డిని తడి నేల మీద వరుసగా వదిలి వెళ్తుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో రాత్రి మంచు పైనుంచి, నల్లరేగడి చెమ్మ కిందనుంచి ఆ వరుసను తడుపుతూనే ఉంటాయి. పైపొర బంగారు రంగుకు తిరిగినంత మాత్రాన అడుగుపొర ఆరిందనుకోవడానికి లేదు. బేలర్ రెండు పొరలనూ కలిపి గట్టిగా చుట్టేస్తుంది కనుక లోపలి తేమకు బయటికి దారి ఉండదు. కట్ట వేడెక్కి, బూజు మొదలవుతుంది.

గడ్డిలో తేమ 15 నుంచి 18 శాతానికి మించకుండా ఉన్నప్పుడే కట్టలు కట్టించాలి. దీన్ని చేలోనే తెలుసుకోవచ్చు. వరుస అడుగునుంచి పిడికెడు గడ్డి తీసి రెండు చేతులతో మెలిపెట్టండి. పెళపెళమని విరిగితే ఆరినట్టు, తాడులా మెలి తిరిగితే ఆరనట్టు. తరువాత ఒక కాండం తీసుకుని కణుపు దగ్గర బొటనవేలి గోటితో నొక్కండి. కణుపు అన్నిటికన్నా చివర ఆరుతుంది. గోరు దిగి తడి తగిలితే ఆ రోజు బేలర్‌ను తిప్పి పంపడమే మేలు. అద్దె మిషన్ మళ్లీ దొరకదేమోనన్న భయం నాకు అర్థమవుతుంది; కానీ బూజు గడ్డికి కట్టకు ఇంతని కూలి చెల్లించడం కన్నా నష్టం మరొకటి లేదు. వరుసను ట్రాక్టర్ రేక్‌తోనైనా, పంగల కర్రతోనైనా కనీసం ఒకసారి తిరగెయ్యాలి. మంచు పూర్తిగా ఆరాకే పని మొదలుపెట్టి, సాయంత్రం చల్లబడక ముందే ఆపాలి.

హార్వెస్టర్ డ్రైవర్‌తో కూడా ముందే మాట్లాడుకోండి. మిషన్ పైకి లేపి కోస్తే పని త్వరగా తెములుతుంది గాని, మంచి గడ్డి సగం మోళ్లలోనే ఉండిపోతుంది, బేలర్ దాన్ని ఎత్తలేదు. కిందికి దించి కోయమంటే గంటల లెక్కన అద్దె కొంత పెరుగుతుంది. గేదెలున్న ఇంటికి ఆ ఖర్చు దండగ కాదు. ధాన్యం ట్రాక్టర్ వరుసల మీద తిరగకుండా చూసుకోవాలి, ఎందుకంటే బురద కలిసిన గడ్డిని పశువు వదిలేస్తుంది. వరి కోతకు ముందు మినుము గాని, పిల్లిపెసర గాని చల్లిన వారికి మరో చిక్కు ఉంది: వరుసలు ఎక్కువ రోజులు ఉంచితే కింద మొలకలు పాలిపోతాయి, తొందరపడి ఎత్తితే గడ్డి ఆరదు. అటువంటి చేలో గడ్డిని గట్ల మీదికి చేర్చి ఆరబెట్టడం తప్ప నాకు వేరే మార్గం కనబడదు.

మీ పరిస్థితిలో ఏడాది మేతకు నేను దాళ్వా గడ్డినే నమ్ముకుంటాను. ఏప్రిల్ ఎండకు ఒకటి రెండు రోజుల్లోనే గడ్డి ఆరిపోతుంది; అకాల వర్షం ఒక్కటే కనిపెట్టుకుని ఉండాలి. గేదెకు రోజుకు ఆరు కిలోల ఎండుగడ్డి చొప్పున నాలుగింటికి ఏడాదికి తొమ్మిది టన్నుల లోపే పడుతుంది. ఎకరాకు టన్నున్నర చేతికి వచ్చినా మీ ఆరెకరాలు సరిపోతాయి. కట్టలను నేల మీద కాకుండా ఇటుకల మీదనో కొబ్బరి దుంగల మీదనో, గాలి ఆడేలా, కప్పు కింద పేర్చండి. మేత వేసేటప్పుడు కట్ట తాడును కోసి, లెక్కగా పక్కన పెట్టాలి. ప్లాస్టిక్ తాడు గేదె కడుపులోకి వెళ్తే అరగదు, బయటికీ రాదు.

ఇప్పుడు మీ దగ్గరున్న బూజు కట్టలను, కాస్త బాగున్న గడ్డిలో కలిపి కూడా, దయచేసి మేపవద్దు. బూజు పట్టిన వరిగడ్డిలో పెరిగే ఫ్యుజేరియం అనే శిలీంధ్రపు విషం వల్ల చెవుల కొనలు, తోక చివర, గిట్టల పైభాగం కుళ్లే దెగ్నాలా జబ్బు వస్తుంది, అందులోనూ గేదెలకే ఎక్కువగా వస్తుంది. ఇప్పటికే కుంటుతున్నా, తోక కొన చల్లబడి నల్లబారుతున్నా ఆ గడ్డిని వెంటనే మాన్పించి పశువైద్యుణ్ణి పిలవండి. బూజు గడ్డిని కంపోస్టు గుంతలో వేసుకోవచ్చు.

ప్రశ్న: మా లంక భూమిలో మొక్కజొన్న వేసి, ట్రాక్టర్‌కు తగిలించే ఫోరేజ్ హార్వెస్టర్‌ను (పచ్చిమేతను కోసి ముక్కలు చేసే మిషన్) అద్దెకు తెచ్చి సైలేజ్ (గాలి తగలకుండా మాగబెట్టే పచ్చిమేత) చేశాము. ముక్కలు పొడవుగా, పీచులుగా వచ్చాయి. గొయ్యి తెరిస్తే పులిసిన వాసనకు బదులు కుళ్లిన వాసన వస్తోంది. మిషన్ మార్చాలా?
– పాడి రైతు, రావులపాలెం ప్రాంతం

సమాధానం: మిషన్ మార్చే ముందు దాని కత్తులు చూడండి. పీచులుగా వచ్చాయంటే కత్తి కోయలేదు, చీల్చింది. కత్తులకు పదును పట్టించి, అవి ఎదురు పట్టీకి రాసుకోకుండా, కాగితం దూరేంత సందు మాత్రమే ఉండేలా సరిచేయించాలి. రోజంతా కోసేటప్పుడు మధ్యలో ఆపి పదును చూసుకోవడం అలవాటుగా ఉన్న డ్రైవర్‌నే పిలవండి. ముక్క ఒకటి రెండు సెంటీమీటర్లు ఉంటేనే తొక్కినప్పుడు అణుగుతుంది, అణిగితేనే గాలి పోతుంది. గాలి మిగిలినచోట పులియడం ఆగి, బూజు, కుళ్లు మొదలవుతాయి.

కోసే అదను కూడా ముఖ్యమే. పొత్తును విరిచి గింజను చూస్తే పైన గట్టిపడిన భాగానికీ కింది పాలకూ మధ్య గీత సగానికి దిగి ఉండాలి. అప్పుడు పైరులో తేమ 65 నుంచి 70 శాతం ఉంటుంది. కోసిన ముక్కలను పిడికిట బిగించి వదిలితే నీరు కారకుండా, ముద్ద మెల్లగా విచ్చుకోవాలి.

అన్నిటికన్నా నాకు అనుమానం మీ గొయ్యి మీదే. కాలువలకు, గోదావరికి దగ్గరున్న మన నేలల్లో నీటిమట్టం పైపైనే ఉంటుంది. మెరక ప్రాంతాల వారు తవ్వే గోతులు ఇక్కడ అడుగునుంచి ఊటెక్కుతాయి. మెరక చేసిన చోట, నేలకు పైనే మూడు వైపులా గోడలు కట్టి, పొరకు పొర ట్రాక్టర్‌తో తొక్కించి, ప్లాస్టిక్ పట్టాతో గాలి చొరకుండా కప్పండి. కొద్దిపాటి మేతకైతే సంచులే నయం. 45 రోజులు కదిలించకుండా ఉంచితే మాగుతుంది. వేసవిలో మాగబెట్టిన మేతను జూలై, ఆగస్టులకు దాచుకోవడం లంక రైతుకు ప్రాణావసరం, ఎందుకంటే వరద వచ్చి లంకలు మునిగిన రోజుల్లో పచ్చిమేత పరకైనా దొరకదు. అందుకే నిల్వను లంకలో కాక ఏటిగట్టుకు ఇవతల పెట్టండి.

ప్రశ్న: కొబ్బరి తోటలో అంతర పంటగా నేపియర్ గడ్డి వేశాము. మూడు గేదెలకు ఏ కోత యంత్రం కొనాలి?
– ఒక గృహిణి, అంబాజీపేట

సమాధానం: చెట్ల మధ్య బోదెల్లో ట్రాక్టర్ యంత్రం తిరగదు, మూడు గేదెలకు దాని అవసరమూ లేదమ్మా. భుజాన తగిలించుకునే బ్రష్ కట్టర్, పాకలో గడ్డిని ముక్కలు చేసే మోటారు చాఫ్ కట్టర్ చాలు. మొదటి కోత 70 నుంచి 75 రోజులకు, తరువాత 40 నుంచి 45 రోజులకొకసారి, నేలనుంచి జానెడు లోపు వదిలి కోయండి. బ్రష్ కట్టర్ రాయిని విసిరేస్తుంది కాబట్టి కళ్లద్దాలు, బూట్లు తప్పనిసరి.

చాఫ్ కట్టర్ కొనేటప్పుడు ధర కన్నా ముందు గడ్డి పెట్టే తొట్టిని చూడండి. చేయి చాచినా లోపలి రోలర్లు అందనంత పొడవుగా, రోలర్ల వైపు పైన కప్పుతో ఉండాలి. చక్రానికి కవచం, గడ్డిని వెనక్కి తీసే లివర్ లేని మిషన్‌ను ఎంత చవకైనా తీసుకోవద్దు. కొంగు దోపుకొని, గాజులు తీసి, ఒక్కొక్క పిడికెడే పెట్టండి. గడ్డి ఇరుక్కుంటే లివర్ వాడండి. అది చాలకపోతే మెయిన్ స్విచ్ ఆపి, చక్రం పూర్తిగా నిలిచాకే చేయి పెట్టండి. పని లేనప్పుడు చక్రాన్ని బోల్టుతో బిగించి, పిల్లలకు అందకుండా స్విచ్ బోర్డుకు తాళం వేయండి.